ఇన్‌బాక్సులో చోటు

మా జూనియర్ కాలేజీలో పిల్లల దరఖాస్తుల మీద ఫోన్ నంబరు గడిలో నా నంబరే రాసేవారు. రెండు వేల దశకం చివరి రోజులవి. పిఠాపురంలో సెల్‌ఫోన్లు లేకపోలేదు. కానీ ఉప్పాడ వైపు నుంచి వచ్చే నేతవాళ్ల పిల్లల ఇళ్లల్లో ఫోను ఉన్నా అది తండ్రి జేబులో ఉండేది, అందులో సిమ్ము మాటిమాటికీ మారేది. “మేడమ్ గారి నంబరైతే మారదండి” అని ఆ తండ్రులే చెప్పి రాయించేవారు. హాల్ టికెట్లు, ర్యాంకులు, స్కాలర్‌షిప్పులు, అన్ని కబుర్లూ నా ఫోన్లోనే వచ్చి పడేవి. లెక్కల టీచర్ని కాబట్టి విసుక్కోవడం నా హక్కనుకునేదాన్ని. విసుక్కుంటూనే ఎవరి కబురు వాళ్లకి చేర్చేదాన్ని.

ఆ ఫోన్లో రెండు వందల మెసేజులే పడతాయి. నిండితే తెర మీద చిన్న కవరు బొమ్మ ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఏదో ఒకటి చెరిపేదాకా కొత్తది రాదు. మా ఆయన బతికుండగా ఆ బొమ్మ కనిపిస్తే చాలు, అడుగున పాతవాటి నుంచి ఇరవయ్యో ముప్ఫయ్యో చూడకుండా చెరిపేసేదాన్ని. వాటిలో సగానికి పైగా ఆయనవే.

ఆయన తునిలో ఒక స్కూల్లో డ్రాయింగు మాస్టారు. మా ఇల్లు సామర్లకోటలో. పొద్దున్న పాసింజర్లో వెళ్లి సాయంత్రం పాసింజర్లో వచ్చేవారు. రైలెక్కగానే ‘తుని’ అని, కాసేపటికి ‘అన్నవరం’ అని, ఆ తర్వాత ‘పిఠాపురం’ అని మూడు మెసేజులు పెట్టేవారు. ఇంకో మాట ఉండేది కాదు. మరీ మాట్లాడాలనిపించిన రోజున ‘అన్నవరం. వాన’ అని పెట్టేవారు. ‘పిఠాపురం’ రాగానే నేను కుక్కరు పొయ్యి మీద పెట్టేదాన్ని. ఆయన ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేసరికి అన్నం సిద్ధంగా ఉండేది. “పెళ్లానికి ప్రేమగా ఒక్క ముక్క రాయకూడదా?” అని దెప్పితే, “ఎక్కడున్నానో చెప్తున్నానుగా, ఇంకేం కావాలి?” అని నవ్వేవారు.

ఒక సాయంత్రం ‘తుని’ వచ్చింది, ‘అన్నవరం’ వచ్చింది, ‘పిఠాపురం’ రాలేదు. సిగ్నల్ లేదేమో అనుకున్నాను. బియ్యం కడిగి కుక్కర్లో పోసి, పొయ్యి పక్కన పెట్టుకుని కూర్చున్నాను. గుండెపోటట. తోటి ప్రయాణికులు పిఠాపురం స్టేషన్లో దింపేసరికే ప్రాణం పోయిందని తర్వాత చెప్పారు.

ఆ రోజు నుంచి ఆయన మెసేజు ఒక్కటి కూడా చెరపలేదు. లెక్కపెడితే నూట తొంభై దాకా ఉన్నాయి. అంటే చివరి రెండున్నర నెలల సాయంత్రాలు. అంతకుముందువన్నీ నా చేత్తో నేనే ఊడ్చేశానని తలచుకుని ఏడ్చేదాన్ని. మిగిలిన పది ఖాళీల్లోనే పిల్లల మెసేజులు సర్దేదాన్ని. ఒకటి రావడం, నోట్‌బుక్కులో ఎక్కించుకోవడం, చెరిపేయడం. కొత్త ఫోను కొనుక్కోమన్నవాళ్లున్నారు, కావాలంటే కాగితం మీద రాసి దాచుకోమన్నవాళ్లున్నారు. కాగితం మీద రాస్తే అది నా దస్తూరీ అవుతుంది. ఏ రోజు ఎన్ని గంటలకి ఏ స్టేషన్లో ఆయన వేలు ఆ మీట నొక్కిందో ఆ ఫోన్లోనే ఉంది. నాకు కావలసింది అదే.

ఆయన పోయి ఏడాది తిరగకముందే ఇంజనీరింగు సీట్లకి వెబ్ కౌన్సెలింగు మొదలైంది. కావలసిన కాలేజీలను వరసగా కంప్యూటర్లో ఎక్కించి, గడువులోగా సేవ్ చేయాలి. గడువు దాటితే ఆ ఏటికి సీటు మాట మరిచిపోవలసిందే. ఉప్పాడలో జాందానీ చీరలు నేసే ఒకాయన కూతురు రెండేళ్లు నా దగ్గర లెక్కలు చదివింది. మంచి ర్యాంకు తెచ్చుకుంది. లాగిన్ నంబరు, మామూలే, నా ఫోన్‌కే వచ్చింది. “కాకినాడలో అయితే రోజూ బస్సులో వెళ్లొస్తదండి. అంతకంటే దూరం మావల్ల కాదండి” అన్నారు తండ్రి. సీటు రాకపోతే తల్లి పక్కన మగ్గం గుంటలో కూర్చోవడమే. ఆ మాట ఆ పిల్లే నాతో చెప్పింది, కంట తడి పెట్టకుండా, లెక్క అప్పజెప్పినట్టు.

మంగళవారం తండ్రీ కూతురూ మా ఇంటికి వచ్చారు. నేనూ ఆ పిల్లా కూర్చుని కాలేజీల వరస నా నోట్‌బుక్కులో రాశాం. ప్రశ్నపత్రాలు టైపు చేయడానికి కొనుక్కున్న ల్యాప్‌టాప్ ఎదురుగానే ఉంది, నెట్ పనిచేస్తోంది. అరగంట పని. తండ్రి నసిగారు.

“ఇవాళ మంగళవారం కదండీ మేడమ్ గారూ. గురువారం దశమండి. పదకొండింటికి వర్జ్యం వదులుతుందండి. ఆ తర్వాత కాకినాడ వెళ్లి నెట్ సెంటర్లో చేయించేసుకుంటామండి.”

గడువు ఆ గురువారం సాయంత్రం అయిదింటి దాకా. ఇంకొకప్పుడైతే కంప్యూటర్‌కి వర్జ్యం ఏంటండీ అని ఇల్లెగిరిపోయేలా అరిచేదాన్ని. ఆ రోజు నోరు మెదపలేదు. నాకు మంగళవారం కన్నా నా చేతి మీదే భయం ఎక్కువ. భర్త పోయి ఏడాదైనా కాని మనిషిని, ఇంకొకరి బిడ్డ చదువు నా చేత్తో మొదలవడం ఏమిటని. ఆ తండ్రి మనసులోనూ అదే ఉందేమో, లేదేమో. ఆయన అనలేదు, నేను అడగలేదు. అన్ని వివరాలూ కాగితం మీద రాసిచ్చి, “సరేనండీ, మీ ఇష్టం” అన్నాను. పిల్ల నా మొహంలోకి చూసింది. రెండేళ్లు ఆ పిల్లకి లాజిక్కు చెప్పిన నేను అలా తప్పుకున్నానని రాసుకోవడానికి ఇప్పుడు కూడా సిగ్గుగానే ఉంది.

బుధవారం పుణె నుంచి మా చెల్లెలి భర్త ఫోన్ చేశారు. మా చెల్లెలికి ఆపరేషన్ ముందుకి జరిపారట, వెంటనే రమ్మని విమానం టికెట్టు పంపారు. గురువారం ముసురులో మధురపూడి విమానాశ్రయానికి వెళ్లి, జీవితంలో మొదటిసారి విమానం ఎక్కి, పన్నెండింటికి హైదరాబాదులో దిగాను. పుణె విమానం అయిదున్నర దాటాక. ఆ పెద్ద హాల్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడడం లేదు. మన పాసింజర్లో అయితే ఈపాటికి నలుగురు నా ఊరు, ఉద్యోగం, పిల్లలెందరో అడిగి ఉండేవారు.

మూడున్నరకి ఫోను మోగింది. అమ్మాయి తండ్రి, ఎవరిదో ఫోను అడిగి చేస్తున్నారు.

“మేడమ్ గారండీ, రాత్రి నుంచీ ఒకటే ఈదురుగాలండి. బీచ్ రోడ్డు సముద్రం కోసేసిందండి, బస్సుల్లేవు. చుట్టూ తిరిగి పిఠాపురం వచ్చామండి. ఇక్కడ కరెంటు లేదండి. కాకినాడలోనూ లేదంటున్నారండి. తప్పయిపోయిందండి. ఆ రోజు మీ చేతే చేయించేయాల్సిందండి.”

“అమ్మాయిని కంగారు పడొద్దనండి. నేను చూస్తాను” అన్నాను. ఎలా చూస్తానో నాకే తెలియదు. ఎదురుగా స్తంభం మీద ఇక్కడ ఇంటర్నెట్ ఉచితమని బోర్డు ఉంది. ల్యాప్‌టాప్ తెరిచాను. ఒక పేజీ వచ్చింది. మీ మొబైల్ నంబరు ఇవ్వండి, కోడ్ మెసేజులో వస్తుంది, దాన్ని ఇక్కడ కొట్టండి అని. నంబరు కొట్టాను. రాలేదు. మళ్లీ కొట్టాను. మూడోసారి కొట్టాక ఫోన్ వైపు చూస్తే ఆ కవరు బొమ్మ ఆరుతూ వెలుగుతోంది.

కౌన్సెలింగు ఆఖరి రోజు కదా, పొద్దుటి నుంచి పిల్లల మెసేజులతో నా పది ఖాళీలూ నిండిపోయాయి. గబగబా ఆ పదీ చెరిపాను. చెరిపిన చోటల్లా ఆగిపోయి ఉన్నవి వచ్చి కూర్చున్నాయి. ‘మేడమ్ నా ఆప్షన్లు చూశారా’, ‘మేడమ్ కరెంటు లేదు’, ఒక చీరల దుకాణం వాళ్ల ఆఫరు. కోడ్ మాత్రం లేదు. వాటినీ చెరిపితే మళ్లీ కొన్ని నిమిషాలు నిశ్శబ్దం, ఆ తర్వాత ఇంకో గుంపు. నా నంబరు నమ్ముకున్నవాళ్లందరూ వరసలో ముందున్నారు, నేను అడిగిన కోడ్ అందరి వెనకాలా ఉంది. నాలుగుంబావు అయింది.

పక్కన టై కట్టుకున్నాయన్ని అడిగాను, ఒక్క మెసేజు మీ ఫోన్‌కి తెప్పించుకోనివ్వండి, పిల్ల చదువు సంగతండి అని. “సారీ మేడమ్” అని ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఎదురు వరసలో ఒకావిడని అడిగితే బ్యాగు దగ్గరకి లాక్కుంది. అపరిచితుల దగ్గర ఏమీ తీసుకోవద్దని మైకులో చెబుతూనే ఉన్నారు, వాళ్ల తప్పేముంది? అప్పుడు మాత్రం చాలా కోపం వచ్చింది. పిఠాపురంలో ఊరు పేరు తెలియని మనిషికి కూడా పాపం ఎవరో ఫోను ఇచ్చారు కదా అనుకున్నాను.

ఇక మిగిలింది ఒకటే దారి. వరసంతా ఒక్కసారిగా లోపలికి రావాలంటే చోటు బాగా కావాలి. ఉన్న చోటంతా ఆయనది.

అడుగుకి వెళ్లాను. లిస్టులో ఆయన పేరు మాత్రమే కనిపిస్తుంది, మెసేజు తెరిస్తేనే లోపలి మాట. తెరవలేదు. తెరిస్తే చెరపలేనని తెలుసు. ఒక్కొక్క దానికి ఫోను అడుగుతుంది, నిజంగా చెరపాలా అని. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టుకున్నాను, క్లాసులో ఎక్కాలు చెప్పించే గొంతుతో. కళ్ల నీళ్లకి తెర కనిపించడం లేదు, వేలికి మీటలు అలవాటే కాబట్టి ఆగలేదు. ఇరవై నాలుగు చెరిపి ఆపాను.

ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత ఫోను ఒళ్లో వణకడం మొదలుపెట్టింది. పన్నెండో పదమూడో వచ్చాయి, చివరి మూడూ కోడ్‌లే. ఆఖరిది కొడితే నెట్ కలిసింది. నాలుగూ నలభై. నోట్‌బుక్కు మోకాలి మీద పెట్టుకుని, ఎవరి చేతినైతే అశుభం అనుకున్నానో ఆ చేత్తోనే కాలేజీలన్నీ ఒక్కొక్కటే ఎక్కించాను. సేవ్ అయ్యేసరికి అయిదింటికి ఆరు నిమిషాలుంది. ఆ ఫోన్‌కే తిరిగి చేసి, “అయిపోయిందండి” అన్నాను. పిల్ల తండ్రి చేతిలోంచి ఫోను లాక్కుంది.

“మేడమ్, కాకినాడే మొదట పెట్టారా?”

“మనం రాసుకున్న వరసే పెట్టానమ్మా.”

మళ్లీ తండ్రి గొంతు. “ప్రయాణంలో మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టేశామండి.”

“ఇబ్బందేముందండీ, ఖాళీగానే కూర్చున్నాను” అన్నాను.

ఆ పిల్లకి కాకినాడలోనే సీటు వచ్చింది. నాలుగేళ్లూ ఉప్పాడ నుంచే వెళ్లొచ్చింది. బీచ్ రోడ్డు కోసుకుపోయిన రోజుల్లో పిఠాపురం మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేది. దారిలో మా కాలేజీ దగ్గర దిగి, స్టాఫ్ రూములో రెండు నిమిషాలు కూర్చుని పోయేది. ఆ రోజు నేను ఏం చెరిపానో ఆ అమ్మాయికి ఎప్పుడూ చెప్పలేదు.

ఆ సాయంత్రం విమానానికి పిలిచేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాను. రోజుకి మూడు చొప్పున ఇరవై నాలుగంటే ఎనిమిది రోజులు. ఏ ఎనిమిదో గుర్తు చేసుకుందామంటే ఏమీ గుర్తు రాలేదు. అన్నీ అవే మూడు పేర్లు కదా. పోయినదేదో తెలిస్తే దాని కోసం ఏడవొచ్చు, అదీ తెలియలేదు. అవి ఆయన సంచిలో గొడుగు వేసుకుని, రైలు దిగి, నడిచి, ఇంటికి చేరి, నా వంట తిన్న ఎనిమిది సాయంత్రాలు, అంతవరకే తెలుసు.

అప్పుడు నా తెలివితక్కువతనం నాకు అర్థమైంది. అడుగు నుంచి చెరుపుకుంటూ పోతే ఆయన క్షేమంగా ఇల్లు చేరిన రోజులే పోతాయి. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా భద్రంగా, ఆయన ఇంటికి రాని రోజుని దాచుకున్నాను. ఇన్ని నెలలుగా ఆయన్ని తలచుకుని ఫోను తీసినప్పుడల్లా మొదట తగిలేది అదే. ఆ ‘అన్నవరం’ చూసి, దాని తర్వాతది కోసం మళ్లీ ఎదురుచూసేదాన్ని. రాదని తెలిసీ ఎదురుచూసేదాన్ని.

విమానం ఎక్కమని పిలుస్తున్నారు. ఫోన్లో బోలెడు చోటుంది, ఎవరికీ ఏ కోడూ అవసరం లేదు. ఆ రోజువి రెండే మెసేజులు. ఒకసారి తెరిచి రెండూ చదువుకున్నాను. చెరపాలా అని ఫోను అడిగింది, అవునన్నాను. రెండోసారీ అడిగింది, అవునన్నాను. అప్పుడు ఆయన మెసేజుల్లో అన్నిటికన్నా పైకి వచ్చిన దాన్ని తెరిచాను. ముందురోజు సాయంత్రానిది. ‘పిఠాపురం’ అని ఉంది.