ముప్ఫై మూడు అంగుళాల కోటు

నరసరావుపేటలో కోటు తొడుక్కోవాల్సినంత చలి ఏనాడూ పడలేదు, పడబోదు కూడా. అయినా అక్కడ కోట్లు కుట్టి బతికినవాడొకడున్నాడు. స్టేషన్ రోడ్డులో ఖాసిం. ప్లీడర్లు నల్లకోట్లు కుట్టించుకునేవాళ్ళు, వాళ్ళకెలాగూ తప్పదు. ఇక మిగిలింది క్రైస్తవుల ఇళ్ళ పెళ్ళికొడుకులు. పంచె ఎగగట్టి చేలో పెరిగినవాడైనా సరే, చర్చిలో పాస్టరుగారి ముందు నిలబడే రోజున సూటు ఉండి తీరాలి. పైన మే నెల ఎండ, ఒంటిమీద ఉన్ని కోటు, లోపల ధారలు కట్టే చెమట. వాళ్ళను చూసి ఖాసిం నవ్వుకునేవాడు గానీ ఆ కోట్లంటే అతనికి ప్రాణం.

బెజవాడలో ఒక ముసలి మాస్టరు దగ్గర ఏడేళ్ళు కటింగు నేర్చుకున్నాడు. కోటుకు అన్నిటికన్నా కష్టమైంది పొడుగు అని ఆయన చెప్పేవాడట. ఛాతీ తప్పితే విప్పి సరిచెయ్యొచ్చు, భుజం తప్పితే నాలుగు తిట్లు తిని మళ్ళీ కుట్టొచ్చు. పొడుగు తప్పితే మాత్రం మనిషే తప్పుగా కనపడతాడు. అందులోనూ ఎత్తు మనుషులతో పెద్ద తంటా. కోటు పొట్టిదైతే వాళ్ళవి కొంగకాళ్ళవుతాయి. పోనీ అని దించితే షేర్వానీ తొడుక్కుని కవ్వాలీ పాడటానికి వచ్చినట్టుంటారు. మెడ వెనక ఎముక నుంచి నేల దాకా కొలిచి, అందులో సగం తియ్యాలి. ఆ సగమే కోటు పొడుగు. ఇరవయ్యేళ్ళ పనిలో ఖాసిం ఈ లెక్క తప్పింది ఒక్కసారే. అదీ తన పనితనం చూసుకుని తానే మురిసిపోయిన రోజున.

1955 వేసవిలో మరియదాసు కొట్టుకు వచ్చాడు. నాదెండ్ల పక్క పల్లెలో మిషను బడి టీచరు. వచ్చే నెలలో పెళ్ళి. వెంట తండ్రి జక్కయ్య ఉన్నాడు. ఆ ఊరి మోతుబరి బసవపున్నయ్య దగ్గర ముప్ఫయ్యేళ్ళుగా పాలేరు. మరియదాసు ఆరడుగుల మూడంగుళాల మనిషి. గుమ్మం తగలకుండా తల వంచి లోపలికి వచ్చాడు. వచ్చాక కూడా తల ఎత్తలేదు. వీపు గుండ్రంగా వంగి, భుజాలు ముందుకు పడి, ఎవరో పొట్టివాడు రహస్యం చెబుతుంటే వింటున్నట్టు నిలబడ్డాడు.

“మాస్టారూ, కాస్త నిటారుగా నిలబడండి” అన్నాడు ఖాసిం టేపు తీసి.

మరియదాసు నిలబడ్డాడు. టేపు మెడకు ఆనించి నేల దాకా దించేలోపే మళ్ళీ వంగిపోయాడు. ఖాసిం ఇంకోసారి చెప్పాడు. ఇంకోసారి నిలబడి, ఇంకోసారి వంగాడు. పాపం, ఆయన కావాలని చేస్తున్నది కాదు.

“వాడట్టానే నిలబడతాడు సాయిబూ, అట్టానే కొలువు” అన్నాడు జక్కయ్య. “పదిహేనేళ్ళకే తాడిచెట్టంత ఎదిగాడు. కళ్ళంలో ఆసామి పక్కన నిలబడితే ఆయన తలపాగా వీడి భుజానికి రాలా. ‘ఏంరా జక్కయ్యా, నీ కొడుకు నా నెత్తిమీంచి చూస్తన్నాడే’ అన్నాడు ఆసామి. నవ్వతానే అన్నాడనుకో. నాకు మాత్రం కాళ్ళాడలా. ఆ రోజు నించీ వీడి మెడ మీద చెయ్యేసి నొక్కతా ఉండేవోణ్ణి. వంగరా నాయనా, వంగితే నీ సొమ్మేం పోద్ది అని. మంచోడు, చెప్పిన మాట విన్నాడు.”

ఆ చివరి మాట జక్కయ్య గర్వంగానే అన్నాడు. మరియదాసు నేల చూస్తూ నవ్వాడు.

ఖాసిం కూడా నవ్వి కొలతలు రాసుకున్నాడు. అతని బుర్రలో అప్పటికే కోటు తయారవుతోంది. వంగిన వీపుకు కోటు కుట్టడం అందరికీ చేతకాదు. వెనక గుడ్డ అంగుళమున్నర ఎక్కువ పెట్టి, ముందు అంతకు అంత తగ్గించి కత్తిరించాలి. అప్పుడే వంపు కనపడకుండా అంచు చుట్టూ సమంగా నిలుస్తుంది. ఖాసిం అలాగే కుట్టాడు. కాజాలు కుట్టిన అతని భార్య ఫాతిమా కోటును గోడకు తగిలించి, “ఇదేంది, ముందు పొట్టిగా వెనక పొడుగ్గా ఉంది?” అని అడిగింది. మనిషి తొడుక్కున్నాక చూడమన్నాడు ఖాసిం. తొడిగితే నిజంగానే గీత గీసినట్టు కూర్చుంది. పేటలో ఇంకెవడు కుడతాడీ కోటు అని ఆ రోజంతా మీసం మెలేస్తూనే ఉన్నాడు.

పెళ్ళికి పిలిస్తే వెళ్ళాడు. చర్చిలో వెనక వరసన నిలబడి తన కోటునే చూసుకుంటున్నాడు. పాస్టరుగారు ప్రమాణాలు చేయించే వేళ పెళ్ళికూతురు దయామణి ఏదో గుసగుసగా అంది. ఆమె కూడా టీచరే, జంకు లేని పిల్ల. ఆ మాటకు మరియదాసు తల ఎత్తాడు. భుజాలు వెనక్కి తీసుకున్నాడు. నిలువెత్తున నిలబడ్డాడు. ఖాసిం తన జన్మలో అంత అందమైన పెళ్ళికొడుకును చూడలేదు.

అప్పుడు కోటు లేచింది. ముందు అంచు పైకి పోయి బెల్టు బయటపడింది. వెనక గుడ్డ సంచిలా వేలాడింది. ముందు వరసల్లో కుర్రకారు కిసుక్కున నవ్వారు. మరియదాసు కిందికి చూసుకుని అంచు పట్టి లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగి, మెల్లగా వంగాడు. వంగగానే కోటు చక్కగా సర్దుకుంది.

ఖాసిం విందు తినకుండా ఇంటికొచ్చేశాడు. ఏమైందని ఫాతిమా అడిగితే కొలతల పుస్తకం తీసి ముందు పెట్టుకున్నాడు. మనిషిని కొలవమంటే ఆ మనిషి భయాన్ని కొలిచి కుట్టానే అని అతనికి ఏడుపొచ్చింది. వంగి నడిచినన్నాళ్ళూ ఆయనకు కోటు లేకపోయినా గడిచింది. ఇప్పుడు నిటారుగా నిలబడదామనుకున్న రోజున కోటే పట్టి వంచింది. విప్పి సరిచేద్దామా అంటే, ముందు గుడ్డ కత్తిరించి పారేశాడాయె.

ఆ కోటు క్రిస్మసుకు బయటికి వచ్చేది, ఇన్‌స్పెక్టరు బడికి వచ్చే రోజున వచ్చేది. ఒకసారి దయామణి జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వచ్చి, “అన్నయ్యా, నేను నిలబడమంటే ఈయన కోటు మీద పెడతన్నాడు. ఈ కోటుకు వంగితేనే అందమంట” అని నవ్వుతూ చెప్పింది. ఖాసిం నవ్వలేకపోయాడు. ఒక్కసారి, బతికుండగా ఒక్కసారి ఆ మనిషికి సరైన పొడుగు కోటు తొడిగి, నిలువెత్తున స్టేషన్ రోడ్డు మీదికి పంపాలని అతని కోరిక. ఇంకే కోరికా అతన్ని అంతగా పీడించలేదు.

1963లో మరియదాసును హెడ్మాస్టరు చేశారు. ఖాసిం కబురు పంపకుండానే బూడిదరంగు ఉన్ని గుడ్డ తెచ్చి కత్తెర పట్టాడు. ఈసారి వీపు కొలవలేదు. పాత పుస్తకంలో ప్యాంటు కొలత ఉంది, చేతుల కొలత ఉంది. కాళ్ళూ చేతులూ ఎవరికీ భయపడి పొట్టివి కావు. వాటిని బట్టి లెక్క కడితే ముప్ఫై మూడు అంగుళాలు తేలింది. కచ్చా కుట్లు వేసి, ట్రయలుకు రమ్మని కబురు పెట్టాడు.

మరియదాసు వచ్చి తొడుక్కున్నాడు. ముందు అంచు తొడల మీదికి జారి గొడుగులా నిలబడింది. “అన్నా, ఇది ఇంకెవరికో కుట్టావు” అన్నాడాయన.

“మీకే మాస్టారూ. మీరింకా అందులోకి రాలేదు. నిలబడండి” అన్నాడు ఖాసిం బతిమాలుతున్నట్టు.

మరియదాసు ఒక్క క్షణం అతని మొహం చూశాడు. మెల్లగా నిటారయ్యాడు. కోటు తన చోట తాను కూర్చుంది. అద్దంలో తనను తాను చూసుకుని మరియదాసు కళ్ళు ఆర్పడం మరిచిపోయాడు. ఈ మనిషెవరు అన్నట్టు చూశాడు.

అదే సమయానికి బసవపున్నయ్య జుబ్బా గుడ్డ పట్టుకుని కొట్టు మెట్టెక్కాడు. ముసలివాడైపోయాడు, చేతిలో కర్ర. “ఏంది మాస్టారూ, బాగున్నావా?” అని ప్రేమగానే పలకరించాడు. ఎవరూ వంగమనలేదు. మరియదాసు మెడ మీద చెయ్యి పడ్డట్టు వంగిపోయాడు. కోటు ముందు వేలాడింది. “తీసెయ్యన్నా, తర్వాత చూద్దాం” అని గబగబా విప్పి ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఖాసిం ఆ కోటును కొక్కేనికి తగిలించి ఉంచాడు. కనపడినప్పుడల్లా అడిగేవాడు. ఈ పరీక్షలు కానీ, ఆ పండగ కానీ అనేవాడు మరియదాసు. కాదని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. మరుసటేడు ఎండాకాలంలో ఆయనకు పచ్చకామెర్లొచ్చాయి. ఊళ్ళో పసరు తాగించారు, పట్నంలో సూదులు వేయించారు. ఇరవై రోజుల్లో మనిషి పోయాడు.

కబురు ఉదయం వచ్చింది. వాళ్ళల్లో మగవాడిని పెళ్ళి కోటుతోనే సమాధి చేస్తారని ఖాసింకు తెలుసు. కుట్టుమిషను ముందు కూర్చుని బూడిదరంగు కోటుకు కచ్చా కుట్లు తీసి పక్కా కుట్లు వేశాడు. ఫాతిమా ఏమీ అడగకుండా కాజాలు కుట్టి ఇచ్చింది. కన్నీళ్ళు గుడ్డ మీద పడకుండా మొహం పక్కకు పెట్టుకుని కుట్టింది.

అతను ఆ ఊరు చేరేసరికి వసారాలో బల్ల మీద మరియదాసును పడుకోబెట్టారు. నిటారుగా, బల్ల పట్టనంత పొడుగ్గా ఉన్నాడు. పెళ్ళి కోటు తొడిగారు. ముందు అంచు పైకి లేచి చొక్కా కనపడుతోంది. దయామణి ఆ అంచు పట్టుకుని కిందికి లాగుతోంది, లాగుతూనే ఉంది.

“లాగొద్దమ్మా, రాదు” అన్నాడు ఖాసిం. “అది నేను చేసిన తప్పు. ఇదీ ఆయన కోటు.”

నలుగురూ పట్టి కోటు మార్చారు. ఖాసిం మోకాళ్ళ మీద కూర్చుని బొత్తాలు తానే పెట్టాడు. ఎక్కడా ఒక్క మడత లేదు. పొడుగు సరిగ్గా ఉంది. అది చూసి అతను చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు.

చూపు మందగించిన జక్కయ్య కొడుకు కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. పాదాల నుంచి తల దాకా తడుముకుంటూ వచ్చాడు. చాలాసేపు పట్టింది.

“సాయిబూ, నా కొడుకు ఇంత పొడుగా?”

“ఇంతే, పెద్దాయనా. మొదట్నించీ ఇంతే.”

“చూళ్ళేదయ్యా నేను” అన్నాడు జక్కయ్య. “కన్నోణ్ణి, నేనే చూళ్ళేదు.”

గుమ్మం దగ్గర అలికిడైంది. బసవపున్నయ్య కర్ర పోటు వేసుకుంటూ ఆఖరి చూపుకు వచ్చాడు. వసారాలో వాళ్ళంతా పక్కకు జరిగి చేతులు కట్టుకున్నారు. జక్కయ్య భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకుని, కొడుకు తల పక్కనే నిలబడి, ఎప్పటిలాగే నడుం వంచాడు. మరియదాసు ఒక్కడే వంగలేదు.