యువరాణి పక్కన నిలబడిన అక్క

మదనపల్లెలో మా పాప ఐదో పుట్టినరోజుకు కొన్న గౌను పెట్టె విప్పగానే, కొత్త నెట్టుగుడ్డ వాసన గుప్పుమంది. పాప అది తొడుక్కుని, తలమీద ప్లాస్టిక్ కిరీటం పెట్టుకుని, కుప్పం నుంచి వచ్చిన మా అక్క రత్న కూతురితో, “నేను ప్రిన్సెస్, నువ్వు నా పనిమనిషివి, నా చెప్పులు పట్టుకో” అంది. వచ్చినవాళ్లంతా నవ్వారు. నాకు అక్క ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

మా ఊరు పుంగనూరు దగ్గర. వానలకు ముందు వరండా నిండా విత్తనాల కోసం శనక్కాయలు ఒలిచే చప్పుడు, పొద్దున్నే రాగిసంగటి, నంజుకోను శనక్కాయల ఊరిబిండి, ఉగాదికి నెయ్యి కారే పూర్ణం ఓళిగలు, మధ్యాహ్నాలు గడపలో గచ్చకాయలాట, టమోటా కోతలప్పుడు ఎంత తోమినా వదలకుండా వేళ్లకు నల్లగా అంటుకునే ఆకుపసరు. వీటన్నిటిలో అక్కా నేనూ ఒకటిగానే ఉండేవాళ్లం. అప్పుడు నాకు ఏడేళ్లు, అక్కకు పది.

ఆ ఏడు నాయన కుప్పంలో ఏదో పెళ్లికి పోయి, బెంగళూరు బట్టలమ్మే అంగట్లో గులాబీరంగు గౌను తెచ్చాడు. “ఒకటే ఉండె. సిన్నదానికి సరిపోతాది” అన్నాడు. అక్కకు రిబ్బన్లు తెచ్చాడు. ఆ రోజు నుంచి నేను ఇంట్లో యువరాణిని. పక్కింటి టీవీలో బొమ్మల కథలు చూసి, యువరాణులు పేడ ముట్టరనీ, బిందె మొయ్యరనీ, కోతలకు పోరనీ నాకు నేనే తీర్మానించుకున్నాను. నాయన మురిసిపోయాడు. నా వంతు పని అక్క వంతుకు చేరింది, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

చలికాలంలో పుంగనూరులో చుట్టుపక్కల బళ్లన్నిటికీ కలిపి వేషాల పోటీ పెట్టారు. అక్క డాక్టరు వేషం కట్టాలనుకుంది. నాయన తెల్లచొక్కా ఉతికి ఆరేసుకుంది, పాత సైకిల్ ట్యూబు కోసి మెడలో వేసుకునే స్టెతస్కోపు చేసుకుంది, వారం రోజులు ఆవులకూ దూడలకూ జ్వరం చూసింది. తీరా బయలుదేరే పొద్దున, ఒంటరిగా స్టేజీ ఎక్కనని నేను ఏడుపు అందుకున్నాను.

“సిన్నపిల్ల, బయపడతాండాది” అంది అమ్మ అక్కతో. “నువ్వు పెద్దదానివి కదమ్మా, ఇసనకర్ర పట్టుకోని దాని పక్కన నిలబడు.”

అక్క చొక్కా విప్పి, మడత పెట్టి, “సరేమా” అంది.

నాకు మొదటి బహుమతి వచ్చింది. కిందికి దిగగానే టౌను బడి పిల్లలు నా గౌను పట్టి చూస్తూ, “నీతో వచ్చినామె ఎవురు, మీ అక్కా?” అని అడిగారు. నేను అక్క వెలిసిన పావడా చూశాను, పసరుతో నల్లబడిన గోళ్లు చూశాను.

“కాదు. మా ఇంట్లో పని సేస్తాది” అన్నాను.

అక్క నా వెనకే, నా చెప్పులు చేత్తో పట్టుకుని ఉంది. వంగి నా కాళ్ల దగ్గర చెప్పులు పెట్టింది. బస్సులో కిటికీ సీటు నాకే ఇచ్చింది, గౌను అంచు రేకుకు పట్టి చినగకుండా దారంతా గుప్పిట్లో పట్టుకుంది. ఇంట్లో చెబుతుందని, నన్ను కొడుతుందని చాలా రోజులు ఎదురుచూశాను. కొట్టి ఉంటే బాగుండేది.

పుట్టినరోజు సాయంత్రం, అందరూ వెళ్లిపోయాక అక్క వంటింట్లో తిన్న తట్టలు కడుగుతోంది. నేను అందుకోబోతే ఇవ్వలేదు.

“అక్కా, ఆ పొద్దు పుంగనూర్లో నేనన్న మాట...”

“గుర్తుండాది” అంది తలెత్తకుండా. “నువ్వే మర్సిపోయింటావనుకొన్యా.”

“తప్పు జేసినా.”

“ఏడేండ్ల పిల్లవి, నీకేం తెలుసు” అంది. కొళాయి కట్టేసి చేతులు కొంగుకు తుడుచుకుంది. “నాకూ అప్పుడు పదేండ్లే కదమ్మా.”

ఊళ్లో ఆ టమోటా చేలో ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతారు. మా బడికి పిల్లలు లేక తాళం వేశారు. ఆ పోటీ రోజు దాకా అక్క నన్ను ‘సిన్నీ’ అని పిలిచేది. బస్సు దిగి ఇంటికి నడుస్తున్నప్పుడు మొదటిసారి పూర్తి పేరుతో పిలిచింది, ఈనాటికీ అలాగే పిలుస్తోంది. ఆ పిలుపు మళ్లీ ఇమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు.