నా బిడ్డ తలకు గ్రాఫు

నా కూతురికి ఒక్కచోట కాలు నిలిచేది కాదు. మూడో తరగతిలో కుదురుగా కూర్చోగా నేనైతే చూడలేదు. కిటికీ ఎక్కేది, పక్కపిల్లల జడలు విప్పేది. ఆళ్లగడ్డలో వాళ్ల బడి పెద్దమేడం ఒకరోజు నన్ను పిలిపించి, "నీ బిడ్డకు మెదడులో ఏదో తేడా ఉందమ్మా. డాక్టరుతో కాగితం రాయించుకొని రా. అది లేకుండా బడికి పంపొద్దు" అంది. నాకు ఒళ్లు మండింది. తేడా నీ బడిలో ఉందేమో అనే మాట నోటిదాకా వచ్చింది, మింగాను.

ఎనభైల చివర్లో సంగతి. నంద్యాలలో ఒక డాక్టరు తలకు గ్రాఫు తీసే మిషను తెప్పించాడని విన్నాం. తలకు వైర్లు అతికిస్తే మెదడు పనితీరు కాగితం మీద గీతలుగా వస్తుందట. పొద్దున్నే బిడ్డ నడినెత్తిన ఇంత ఆముదం పెట్టి అదిమాను. తలలో వేడి తగ్గితే గ్రాఫు మంచిగా వస్తుందని నా తెలివి! రెండు జడలు బిగించి బస్సెక్కించాను.

మిషను దగ్గరున్న అతను తల ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఏందమ్మా ఇది? ఇంత జిడ్డుంటే వైర్లు యాడ అతుక్కుంటాయి? కడుక్కొని రాపో."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆముదం ఊరికే పోతుందా? కుంకుడుకాయలు కొని, ఆసుపత్రి వెనక కొళాయి కింద బిడ్డను వంచి మూడుసార్లు రుద్దాను. ఎండలో నిలబెట్టి తల ఆరబెట్టేసరికి మధ్యాహ్నమైంది.

అప్పుడు వైర్లు అతికించి, "పాపా, నేను చెప్పేదాకా కదలొద్దు. కదిలితే గీతలన్నీ చెడిపోతాయి" అన్నాడు అతను. ఇంకేముంది, అయిపోయింది అనుకున్నాను. అన్నం తినేటప్పుడు కూడా నాలుగుసార్లు లేచే పిల్ల! కానీ అది పిడికిళ్లు బిగించి పడుకుంది. ముక్కు మీద ఈగ వాలినా కదల్లేదు. అరగంట!

డాక్టరు గీతలు చూసి, "తేడా ఏం లేదు. మూర్ఛలాంటిది కాదు. నిలకడ లేకపోవడం ఈ గీతల్లో కనపడదమ్మా, కొందరు పిల్లలు అంతే. బడి మానిపించొద్దని రాసిస్తా" అన్నాడు.

ఆ కాగితం మడిచి రవికలో దోపుకుని, బయటికొచ్చి బిడ్డను అడిగాను. "ఏమే, నా దగ్గర నిమిషం నిలవవు. ఆడ అంతసేపు ఎట్లుంటివే?"

"కదిల్తే బడికి రానీరు గదమ్మా" అంది.

దానికి బడి అంత ఇష్టమని కన్నతల్లిని, నాకే తెలియదు. రోడ్డు మీదే ఎత్తుకున్నాను. మూడో తరగతి పిల్ల, దాని కాళ్లు నా మోకాళ్లకు తగులుతున్నాయి. జనం చూస్తే చూడనీ, నా బిడ్డ అని బస్టాండు దాకా మోశాను.