అమ్మ పాలు

పెళ్ళికాని పిల్ల ఒంటరిగా అంత దూరం పోవడానికి వీల్లేదు, వెంట మీ అమ్మను తీసుకుపో అన్నాడు మా నాయన. తడ దగ్గర నేను పనిచేసే కంపెనీ కొన్నాళ్ళ శిక్షణకు నన్ను బ్రెజిల్ పంపుతోంది. అట్లా, వాకాడు దాటి చెన్నై కూడా సరిగా చూడని అమ్మ చింతపండూ ఎండుమిరపకాయలూ మూట కట్టుకుని నాతో రియోలో దిగింది.

మొదటి ఆదివారం బీచ్‌కి తీసుకెళ్ళాను. డప్పులు, పాటలు, కాలితో వాలీబాల్ ఆడే కుర్రాళ్ళు, పుల్లకు గుచ్చి నిప్పుల మీద కాల్చిన చీజ్ ముక్కలు. తిరునాళ్ళే అనుకోండి. అమ్మ చెప్పులు విడిచి, సముద్రం నీళ్ళు కళ్ళకద్దుకుని, అప్పుడు చుట్టూ చూసింది. చూసి చప్పున తల దించుకుంది.

"వీళ్ళ గుడ్డలు ఎవురైనా ఎత్తుకపోయినారా మే?" అని గుసగుసగా అడిగింది. నాకు నవ్వాగలేదు.

ఒడ్డు చివర కొందరు వల లాగుతున్నారు. అచ్చం మా ఊరి అలివి వల లాగే. పడవలో వెళ్ళి వల చుట్టి వస్తారు, తర్వాత రెండు కొసల తాళ్ళూ పట్టుకుని ఒడ్డు మీద నుంచి లాగుతారు. మా పల్లెలో తాడుకు చెయ్యేసిన ప్రతివాడికీ పాలు ఉంటుంది, అంటే పడిన చేపల్లో వాటా. ఆడవాళ్ళకు మాత్రం ఉండదు. వాళ్ళు తాడు ముట్టుకోకూడదు, ముట్టుకుంటే గంగమ్మ ఖాళీ వల ఇస్తుందట. అమ్మ వయసంతా ఇసుకలో గంప పెట్టుకుని కూర్చుంది. నాయన పాలు గంపకెత్తుకుని ఊరూరా తిరిగి అమ్మింది.

ఇక్కడేమో తాడు మీద సగం మంది ఆడవాళ్ళే. వల చెడిపోతుందే అని అమ్మ నిజంగానే బాధపడింది. ఇంతలో తాడు పట్టుకున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి, రమ్మని చెయ్యూపాడు. అమ్మ వెనక్కి జరిగింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంది. కళ్ళు మాత్రం తాడును వదలడం లేదు. నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చినా నీ చోటు గంప దగ్గరేనా, పో అని కసిరాను.

"నా చెయ్యి తగిలి వాళ్ళ నోటికాడ కూడు పోతే?" అంది అమ్మ.

చివరికి కొంగు నడుముకు బిగించి, ఏదో మొక్కుకుని, పట్టుకుంది. పట్టుకోవడమంటే అట్లా ఇట్లా కాదు. మడమలు ఇసుకలో దించి, వెనక్కి వాలి, ఊపు తప్పకుండా లాగింది. పక్కనున్న లావుపాటి ఆవిడ పాట అందుకుంటే, అమ్మ హైలెస్సా అంది. కానీ వల దగ్గరపడే కొద్దీ ఆమె మొహం పాలిపోయింది. తేలిగ్గా వస్తోంది, ఏమీ లేనట్టుంది అని ఒకటే సణుగుడు. నాకూ భయం పట్టుకుంది. పొమ్మని తోసింది నేనే కదా.

వల ఒడ్డెక్కింది. మరీ ఎక్కువేమీ పడలేదు గానీ, అడుగున చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. అమ్మ ఇసుకలో కూలబడి పగలబడి నవ్వింది. ఆమె అట్లా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ముసలాయన చేపలు కుప్పలు పోసి, ఒకటి అమ్మ ముందు పెట్టాడు. పొరపాటున పెట్టాడనుకుని అమ్మ దాన్ని పక్కావిడ వైపు తోసింది. ఆవిడ మళ్ళీ ఇటే తోసింది.

మధ్యాహ్నం పులుసు పొయ్యి మీద ఉడుకుతుండగా అమ్మ నాయనకు ఫోను చేసింది. తాడు పట్టిన సంగతి చెప్పింది. తర్వాత, పాలు కూడా ఇచ్చినారు అంది.

"ఎవురి పేరు మీద?" అన్నాడు నాయన, అలవాటుగా.

అమ్మ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"నా పేరు మీదే" అంది.