పక్కింటి తలుపుకి వేలాడిన సంచి

ఫెర్గస్ పుట్టింది స్కాట్లాండులో. జపాన్‌లో నీగతా ప్రాంతంలోని ఓ చిన్న ఊరికొచ్చి ఇరవై రెండేళ్ళయింది. పెళ్ళి నిలవలేదు, భార్య టోక్యో వెళ్ళిపోయింది, ఇతను మాత్రం వీధి వదల్లేదు. వారమంతా బడిలో ఇంగ్లీషు చెబుతాడు. తీరిక దొరికితే జపాన్ సంగతుల మీద ఇంటర్నెట్లో వ్యాసాలు పెడతాడు. ఖాళీపడ్డ ఇళ్ళు, పుట్టని పిల్లలు, మండిపోతున్న బియ్యం ధర, దేన్నీ వదలడు. పోయిన నెల ఒంటరి చావుల మీద రాస్తూ, పక్కింటి తలుపు తట్టే తీరిక ఈ దేశంలో ఎవరికీ లేదని దులిపేశాడు. చదివినవాళ్ళు ఆహా ఓహో అన్నారు. మనవాడు ఉబ్బిపోయాడు లెండి.

ఆ ఆదివారం పొద్దున్నే పారల చప్పుడు వినిపించి కిటికీ తీశాడు. వీధి వీధంతా కాలవలో దిగి బురద ఎత్తుతోంది. ఏటా వసంతంలో జరిగే పనే. అతను ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఈసారి ఎవరూ చెప్పనైనా లేదు!

చెప్పడమంటే నోటితో కాదు. వీధి కబుర్లన్నీ ఒక అట్టకి బిగించి, సంచిలో పెట్టి ఇంటింటికీ తిప్పుతారు. చదివి, ముద్ర వేసి, పక్కింటి తలుపు పిడికి తగిలించాలి. ఫెర్గస్‌కి అది కువబారా గారి నుంచి రావాలి. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, ఒంటరిగా ఉంటుంది. ఆ సంచిలో నాలుగు ముల్లంగి ఊరగాయ ముక్కలు పెట్టకుండా ఏనాడూ పంపదు.

శుక్రవారం బడి నుంచి వస్తూ, ఆ సంచి ఆవిడ తలుపుకే వేలాడుతుండడం చూశాడు. శనివారమూ అక్కడే ఉంది. అడుగుదామని గేటు దాకా వెళ్ళాడు కూడా. అప్పుడు పట్టుకుంది పాడు ఆలోచన. నాకు అందించాల్సి వస్తుందనే లోపలికి తీసుకోలేదా ఏం? పోయిన నెల వ్యాసంలో 'మా పక్కింటి ముసలమ్మని పలకరించే దిక్కు లేదు' అని ఒక ముక్క రాశాడు. ఎవరో చదివి చేరేసి ఉంటారు. సిగ్గూ కోపమూ కలిసి వెనక్కి తిరిగి వచ్చేశాడు.

ఇప్పుడీ పారలు చూశాక అనుమానం కాస్తా ఖాయమైంది. వెలేశారు! కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. టీ కాచాడు, తాగలేదు. 'ఇరవై రెండేళ్ళయినా పరాయివాణ్ణే' అని వ్యాసం గిలికి, అక్కడికక్కడే పెట్టేశాడు. అయినా ఒళ్ళుమంట చల్లారలేదు. చెప్పులేసుకుని కాలవ దగ్గరికి పోయి, ఈ ఏడు వీధి పెద్దగా ఉన్న ఇగరాషిని నిలదీశాడు.

"ఇగరాషి గారూ, నేనేం తప్పు చేశానని నా ఇల్లు దాటేశారు?"

"దాటేయడమేంటయ్యా! నువ్వెందుకు రాలేదా అని పొద్దుటి నుంచీ మేమే అనుకుంటున్నాం. దొరగారికి బురద వాసన పడట్లేదేమోనని మా ఆవిడ వేళాకోళం కూడానూ."

"నాకు ఆ అట్ట అసలు రానేలేదు."

"ఎందుకు రాదు? గురువారం పొద్దున నా చేత్తోనే కువబారా అక్క తలుపుకి తగిలించానే!"

"అది ఇంకా అక్కడే ఉంది."

ఇగరాషి చేతిలో పార ఆగిపోయింది. "గురువారం నుంచా?"

ఇద్దరూ పరుగందుకున్నారు.

వెనక తలుపు గడియ వేసి లేదు. వంటింట్లో నేల మీద పడి ఉంది కువబారా గారు. తుంటి విరిగినట్టుంది, కాలు కదలడం లేదు. పడేటప్పుడు కెటిల్ కూడా ఆవిడతో పాటే కింద పడింది. అందులో మిగిలిన నీళ్ళే ఇన్నాళ్ళూ ప్రాణం నిలబెట్టాయి. ఇగరాషి అంబులెన్సుకి ఫోన్ చేస్తుంటే, ఫెర్గస్ పక్కన కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. అతని జేబులో ఫోన్ ఆగకుండా గుర్రుమంటోంది. కొత్త వ్యాసం చదివినవాళ్ళ ఓదార్పులు.

"అట్ట... ఆలస్యమైపోయింది," అంది ఆవిడ, ఎండిపోయిన పెదాలతో. "ఏమీ అనుకోకు నాయనా."

"అయ్యో, అదేం మాటండీ! ఎవరినైనా పిలవలేకపోయారా?"

"నిన్నే పిలవబోయాను. నిన్న నీ అడుగుల చప్పుడు గేటు దాకా వచ్చింది. నాకు గొంతు పెగల్లేదు. నువ్వు వెనక్కి వెళ్ళిపోయావు." ఆవిడ కాస్త ఊపిరి తీసుకుంది. "పాపం, తీరిక లేదేమోలే అనుకున్నాను."