గోడ దాటని మట్టి

గోడ అవతలి నుంచి పిన్నిగారి కేక విని పరుగెత్తాను. అప్పటికే బాబాయిగారు వెళ్ళిపోయారు. చుట్టరికమేమీ లేదు, రామచంద్రపురంలో మా పక్కింటివాళ్ళు. అయినా ఆయన పోయిన ఈ మూడు వారాలుగా పెరట్లోకి వెళ్తే చాలు, చూపు ఆ గోడ మీదికే పోతోంది.

ఆయనది బంగారప్పని. వయసులో ఉన్నప్పుడు, పని చేసే చోట దుమ్ములో కలిసిన బంగారం రజను కోసం పాదరసం వేసి కడిగేవారు. ఆ నీళ్ళు పెరట్లోనే పారబోసేవారు. అప్పట్లో అది తప్పని ఎవరికీ తెలియదు. చేతులు వణకడం మొదలయ్యాక డాక్టరు చెబితే మట్టి పరీక్ష చేయించారు. ఫలితం విన్న రోజు ఆయన అన్నం ముట్టలేదట.

తవ్వించి ఎక్కడైనా పోయించమన్నారు కొందరు. “పోసిన చోట మాత్రం మనుషులుండరేంటండి?” అన్నారాయన. వ్యవసాయ కాలేజీవాళ్ళని పట్టుకున్నారు. వాళ్ళు చెప్పినట్టు, ఆ నీళ్ళు పారబోసిన చోట ఆవాలు చల్లి, మొక్కలు పాదరసాన్ని బాగా పీల్చుకునేందుకు మట్టిలో ఏదో పొడి కలిపారు. మా గోడ పక్కన విషం తక్కువ. అక్కడ మిల్లు ఊకతో చేసిన బొగ్గు కలిపారు. పాదరసాన్ని అది కదలనివ్వదట.

ఆవాకు ఏపుగా పెరిగేది. గుప్పెడు ఇవ్వమంటే ససేమిరా అనేవారు. ఆవుకీ పెట్టనివ్వరు, పొయ్యిలోనూ వెయ్యనివ్వరు. “కాలిస్తే గాల్లో కలుస్తుందమ్మా, మళ్ళీ మన ముక్కుల్లోకే.” పీకిన మొక్కల్ని మూతల డ్రమ్ముల్లో వేసి కాలేజీవాళ్ళకే అప్పగించేవారు. “ఈ మట్టి గోడ దాటకూడదు” అన్నదే ఆయన జపం. ఇంతా చేసి, మేమేమనుకుంటామోనని బజార్లో గోంగూర కొని, శుభ్రంగా కడిగిన కట్టని గోడ మీంచి అందించేవారు! అప్పుడు నవ్వొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తోంది.

తొలకరికి ముందు కాలేజీవాళ్ళు మళ్ళీ చూసి, గోడ పక్క మూలలో ఆకుకూర వేసి చూడొచ్చన్నారు. మిగతా పెరడు ఇంకా పనికిరాదు. ఆ సాయంత్రమే గోంగూర విత్తనాలు చల్లారు. “ఆకుని కూడా పరీక్షకి పంపాలమ్మా. బాగుందంటే ముందు నేను తింటాను, తర్వాతే మీకు.” మొక్కలు ఎదగకముందే ఆయన మంచం పట్టారు.

నిన్న పొద్దున్న పిన్నిగారు గోడ దగ్గరికి పిలిచారు. “ఆకు కూడా బాగానే ఉందన్నారమ్మా. ఆయన బదులు మొన్న నేను తిన్నాను” అంటూ కట్ట అందించారు.

బజారు కట్టలా కడిగి లేదు. మొక్కల వేళ్ళకున్న తడిమట్టి కొంచెం నా అరచేతిలో రాలింది.