విషయం రాసే గడి

ఒక స్త్రీ రహస్యాన్ని కాపాడటానికి నేనొక్కడినే ప్రభుత్వాన్ని ఎదిరించిన మహాగాథ చెప్తాను, కూర్చోండి. అంత లేదు. ఒక కాగితం రాశాను. అదీ పనికి రాలేదు.

మాది బద్వేలు. ఉద్యోగం కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక చిన్న కోర్టులో, జూనియర్ అసిస్టెంటుగా. మా సెక్షనులో నలుగురికీ కంప్యూటరు ఒకటే. దాన్ని తెరిచేది నా పేరుతోనే. మిగతావాళ్లకూ పాస్‌వర్డులు ఇచ్చారు గానీ ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. నాది చీటీ మీద రాసి తెరకు అంటించి ఉండేది.

ఒకరోజు పైనుంచి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. ఆఫీసు కంప్యూటర్లలో ఎవరు ఏం చూస్తున్నారో గమనిస్తున్నారట. మెమోకు జతచేసిన జాబితా మొత్తం నా పేరు మీదే. శనక్కాయల ధర, క్రికెట్ స్కోరు, ఒంటిమిట్ట కల్యాణానికి బస్సులు. వాటి కింద, పదకొండు సార్లు, భర్తకు తెలియకుండా విడాకులకు వేయడం ఎలా.

సూపరింటెండెంటు కళ్లద్దాలు పైకి జరిపాడు. "నీకు మొగుడు ఎప్పుడొచ్చినాడప్పా?"

వెతికింది మా టైపిస్టు అక్క. అందరూ భోజనానికి పోయాక ఆమె ఆ కంప్యూటరు ముందే డబ్బా విప్పుతుంది. భర్త పక్క కోర్టులో అటెండరు. ఆమె ఫోను రోజూ సాయంత్రం ఆయన చేతికి పోతుంది. మా ఆవరణలో ఏ వకీలును అడిగినా, ఆయన టీ తాగేలోపు కబురు అందుతుంది. కోసిగి దగ్గర పుట్టిల్లు తాళం వేసి ఉంది. అమ్మానాన్నలు సుగ్గికి, దూరపు ఊళ్లలో మిరపకాయలు కోసే వలసకు పోయారు. రోజంతా ఊరివాళ్ల కొట్లాటల మీద తీర్పులు టైపు చేసే మనిషి తన ఇంటి కొట్లాట గురించి యంత్రాన్ని అడిగింది.

మా వీధిలో ఒకామె అడిగితే నేనే వెతికానని సంజాయిషీ రాశాను. కవరులో పెట్టి, జిగురు పూసి, పైన రహస్యం అని కూడా రాశాను. తపాలు చూసే గుమాస్తా దాన్ని నా ముందే చించాడు. లోపల ఏముందో చదవకపోతే రిజిస్టరులో విషయం అనే గడి ఎట్లా నింపాలి అని నన్నే అడిగాడు. నింపాడు. చక్కటి దస్తూరీ. 'ఆఫీసు కంప్యూటరులో విడాకుల వివరాలు వెతికినందుకు సంజాయిషీ.'

మరునాడు పక్క కోర్టు తపాలు తెచ్చి, అదే పేజీలో, రెండు వరుసల కింద సంతకం పెట్టింది అక్క భర్త.

పెట్టి నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు. ఎవరి కోసం వెతికావని అడిగాడు. మా వీధిలో ఒకామె, మీకు తెలియదన్నా అన్నాను. కంప్యూటరు వైపు, దాని పక్కనున్న అక్క అన్నం డబ్బా వైపు చూశాడు.

"ఆమెకు చెప్పప్పా, మొగునికి తెలిసిందని."

అప్పటినుంచి భోజనం వేళకు ఆయన కూడా మా సెక్షనుకే వస్తాడు. అక్క పక్కన స్టూలు వేసుకుని, ఆమె డబ్బాలోనే తింటాడు. ఎంత అన్యోన్యంగా ఉన్నారో అని సూపరింటెండెంటు మెచ్చుకున్నాడు. తెర మీది పాస్‌వర్డు చీటీ పీకేశాను. ఇప్పుడు భోజనం వేళలో ఆ కంప్యూటరును ఎవరూ ముట్టుకోరు.

వారం తర్వాత, ఆయన చేయి కడుక్కోవడానికి లేచినప్పుడు, నన్ను క్షమించమని అక్కను అడిగాను. ఆమె డబ్బా మూత పెడుతూ తల ఎత్తలేదు.

"నువ్వు ఊరికే ఉండప్పా. యాడికి పోయేది నేను?"

విడాకుల అర్జీలు తీసుకునే కోర్టు మా ఆఫీసున్న ఊరినుంచి బస్సులో మూడు గంటల దూరం. సెలవురోజుల్లో అక్కడ అర్జీలు తీసుకోరు. మాకూ ఆ రోజుల్లోనే సెలవు.